ఎముక విరిగాకే బీమా గుర్తొస్తుందా?

ధర్మవరం దగ్గరి పల్లెలో మన సభ్యుడొకరి తల్లి పశువుల కొట్టంలో జారి పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. నిలుచున్న మనిషి చేయి ఆనించి కూలబడింది, అంతే. మణికట్టు విరిగింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చారు. చేయి అతుక్కుంది గానీ వంకర మిగిలింది. తర్వాత చూసిన డాక్టరు "ఇంత చిన్న పాటుకు ఎముక విరగకూడదమ్మా, డెక్సా స్కాన్ తీయించండి" అని చీటీ రాశాడు. బెంగళూరు పోయి తీయించారు. స్కానుకు రెండు వేల ఎనిమిది వందలు, దారి ఖర్చు వేరే. కొడుకు పనిచేసే కంపెనీ బీమాలో తల్లి పేరు కూడా ఉంది కాబట్టి బిల్లు పెట్టాడు. రెండు నెలలకు ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న పరీక్షకు డబ్బు రాదని దాని సారాంశం. పరీక్ష డబ్బే రాలేదు, ఇంక నెలనెలా మందులకు ఎక్కడ పెట్టేదని ఆమె మందు కూడా మానేసింది.

ఏడాది తిరక్కముందే తుంటి విరిగింది. ఈసారి ఆపరేషను, లోపల వేసిన రాడ్డు, మంచం, మందులు అన్నీ ప్రభుత్వ పథకం కిందే జరిగిపోయాయి. ఆసుపత్రి వాళ్లు ఒక్క రూపాయి అడగలేదు. "అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకొని వాకిలి దాకా నడుస్తాది" అని ఆ సభ్యుడు మాతో చెప్పాడు.

ఇందులో తప్పు చేసిన వాళ్లను వెతికితే ఎవరూ దొరకరు. బీమా కంపెనీ తన కాగితం ప్రకారమే కాదంది. పథకం తన కాగితం ప్రకారమే అవునంది. రెండున్నర మూడు వేలు ఇవ్వడానికి వీల్లేని కాగితం, ఎముక విరిగాక దానికి ఎన్నో రెట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఆ కాగితాన్ని మార్చాలన్నదే ఈ నెల మా మాట.

ముందుగా పరీక్ష సంగతి. డెక్సా అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే కిరణాలతో తుంటి దగ్గర, నడుము వెన్నుపూసల దగ్గర ఎముకలో ఎంత చిక్కదనం ఉందో కొలిచే స్కాను. పడుకోబెట్టి పది పదిహేను నిమిషాల్లో తీసేస్తారు. సూది లేదు, నొప్పి లేదు. రిపోర్టులో టీ-స్కోరు అని ఒక అంకె వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషి ఎముకతో పోల్చి చెప్పే లెక్క అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత ప్రకారం మైనస్ 1 దాకా ఫరవాలేదు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ పోతే గుల్లబారిందని అర్థం. సెంటరును బట్టి వెయ్యిన్నర నుంచి మూడు నాలుగు వేల దాకా తీసుకుంటున్నారు. మందుల కంపెనీలు పెట్టే ఉచిత శిబిరాల్లో మడమను ఒక చిన్న యంత్రంలో పెట్టించి చీటీ ఇస్తారే, అది డెక్సా కాదు. అది అల్ట్రాసౌండు. మైనస్ 2.5 లెక్క దానికి వర్తించదు. ఆ చీటీ పట్టుకొని భయపడి వేలకు వేలు మందులు కొన్నవాళ్లూ ఉన్నారు, ధీమాగా ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. బీమాకు మాత్రం ఆ చీటీ ఎందుకూ పనికిరాదు.

ఇది పట్నం ఆడవాళ్ల జబ్బు, ఎండలో పనిచేసే మనకెందుకొస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు పేద కుటుంబాల్లోని 30 నుంచి 60 ఏళ్ల మహిళలకు ఇదే డెక్సా తీసి 2005లో ఫలితాలు ప్రచురించారు. తుంటి దగ్గర ఎముక గుల్లబారినవాళ్లు నూటికి 29 మంది, పలచబడినవాళ్లు మరో 52 మంది. తిరుపతిలో వైద్యులు చేసిన పరిశీలనలో మన పల్లె తిండిలో రోజుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం కూడా అందడం లేదని తేలింది. కావలసింది వెయ్యి. ఎండ ఉన్నా ఎముకకు వేయడానికి సున్నం లేదన్నమాట. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి ముద్ద పోయి రేషన్ బియ్యం వచ్చిన తర్వాత మన పళ్లెంలో ఏం తగ్గిందో ఈ ఒక్క అంకె చెబుతుంది. ధర్మవరం మగ్గం గుంతలో పొద్దుటి నుంచి మాపటి దాకా కూర్చునే నేతగాళ్లకైతే ఆ ఎండ కూడా లేదు.

దీనికి మన పల్లెల్లో ఇంకో రెండు తోడయ్యాయి. ఒకటి నొప్పి ఇంజక్షన్. మల్బరీ ఆకు మోసి, చెనక్కాయ పీకి మోకాళ్లు పట్టేస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం. ఆయన ఇచ్చే సూదుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం అందరికీ తెలిసిన రహస్యం. పొద్దునకు నొప్పి మాయమవుతుంది. నెలల తరబడి వాడితే ఎముకను లోపలి నుంచి తినేసేది అదే. ఆయన చీటీ రాయడు, బిల్లు ఇవ్వడు. రేపు పెద్ద డాక్టరు "స్టెరాయిడ్ వాడారా?" అని అడిగితే చూపించడానికి కాగితం ముక్క ఉండదు. పరీక్ష ఎందుకు అవసరమైందో బీమా కంపెనీకి చెప్పాల్సిన మొదటి ఆధారం అక్కడే పోతోంది.

రెండోది గర్భసంచి ఆపరేషన్. దీన్ని గురించి కొంచెం నిలబడి మాట్లాడాలి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. ఆ మూడింటిలో మన ఉమ్మడి అనంతపురం ఒకటి, మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఎంతోమంది పేదల ప్రాణాలు నిలబెట్టిన పథకం అది, కాదనం. కానీ తొలి ఏళ్లలోనే రాష్ట్రమంతా ముప్పై, నలభై ఏళ్లు కూడా నిండని ఆడవాళ్లకు అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేస్తున్నారని పెద్ద దుమారం రేగింది. చివరికి ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లు ఆగిన వయసు మొదలైనట్టు. ఎముకను కాపాడే హార్మోను ఆగిపోతుంది. అప్పట్లో ముప్పై అయిదేళ్లున్న మనిషికి ఇప్పుడు యాభై దాటింది. నడుం వంగిపోతోందని, ఒళ్లంతా నొప్పులని మన మహిళా సభ్యులు సమావేశాల్లో చెబుతుంటే వింటున్నాం. కోతకు డబ్బు కట్టిన పథకం, ఆ కోత వల్ల ఎముక ఏమైందో చూసుకునే పరీక్షకు డబ్బు కట్టదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. బోరు లోతుకు పోయేకొద్దీ మన పల్లెల్లో ఆ హద్దు దాటుతుందని నీళ్ల పరీక్షలు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. తొంభైల నడుమ వచ్చిన సత్యసాయి తాగునీటి పథకంతో కొన్ని వందల ఊళ్లకు ఊరట కలిగింది గానీ, అంతకు ముందు తాగిన నీళ్ల ఫలితం పెద్దవాళ్ల ఎముకల్లో ఉండిపోయింది. ఫ్లోరైడ్ పట్టిన ఎముక డెక్సాలో పలచగా కనిపించదు. కొన్నిసార్లు మామూలు కంటే చిక్కగా, మంచి అంకెతో కనిపిస్తుంది. చిక్కగా ఉన్నా అది పెళుసు ఎముక, విరుగుతుంది. అంటే ఫ్లోరైడ్ ఊరి మనిషి డెక్సా తీయించుకొని "నాకేం లేదంట" అని ఇంటికి రావడం కూడా ప్రమాదమే. అలాంటి ఊళ్లో ముందు మోచేతి కింది భాగానికి మామూలు ఎక్స్‌రే తీయాలి, మూత్రంలో, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ చూడాలి. ఇవన్నీ చౌక పరీక్షలే. కాబట్టి అందరికీ డెక్సా కావాలని మేం అడగడం లేదు. ఎవరికి ఏది అవసరమో దానికి డబ్బు రావాలని అడుగుతున్నాం.

ఇప్పుడు డబ్బు ఎక్కడ ఆగుతోందో చూద్దాం. ప్రభుత్వ పథకం ప్యాకేజీల మీద నడుస్తుంది. ఫలానా ఆపరేషనుకు ఇంత అని ఆసుపత్రికి కడతారు. ఆ ఆపరేషన్‌కు ముందు తీసే ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు అందులోనే కలిసి ఉంటాయి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి పంపిన తర్వాత 15 రోజుల ఖర్చు కలుస్తుంది. చేరకుండా ఓపీలో చూపించుకుంటే కలవదు. తుంటి విరిగి చేరినవాళ్లను "ఎక్స్‌రే బయట తీయించుకొని రండి, బిల్లు మీరే కట్టండి" అని ఎవరైనా అంటే అది నిబంధనకు విరుద్ధం. అక్కడే ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోన్ చేయండి. విరగని ఎముకకు మాత్రం ఏ ప్యాకేజీ లేదు.

డబ్బు కట్టి కొనుక్కునే బీమాలోనూ ఇదే తంతు. బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకూ ఒకే మాదిరిగా పెట్టించిన మినహాయింపుల్లో నాలుగోది, కేవలం పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరని చెబుతుంది. 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీని తీసుకోండి. అందులో వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలకు, ఎముకల గుల్లదనానికి మొదట 48 నెలల నిరీక్షణ పెట్టారు. నియంత్రణ సంస్థ 2024లో దాన్ని మూడేళ్లకు మించకూడదంది. యాభై అయిదో ఏట పాలసీ తీసుకున్న ఆడమనిషి యాభై ఎనిమిది దాకా ఆ జబ్బు రాకుండా చూసుకోవాలన్నమాట! వాతావరణ బీమాలో మన చేలో వాన పడకపోయినా మండలంలోని వానగేజీ లెక్కే లెక్క అని చెప్పిన రోజులు మనం మరిచిపోలేదు. ఇక్కడా అంతే. మనిషిని చూడరు, కాగితాన్ని చూస్తారు.

ముందస్తు పరీక్షలకు ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఒకటి ఉంది లెండి. ఆదాయపు పన్ను చట్టంలో ఏడాదికి 5,000 రూపాయల దాకా మినహాయింపు. పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాళ్లకు.

ఓపీ పరీక్షలకు డబ్బు ఇస్తే బీమా కూలిపోతుందనే వాదన తరచూ వినిపిస్తుంది. ధర్మవరం నేతన్నలను అడగండి. 2005-06లో కేంద్ర చేనేత శాఖ ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నేత కార్మికులకు ఆరోగ్య బీమా పెట్టింది. కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలు, అందులో 7,500 దాకా ఓపీ ఖర్చులకే. అప్పటికే ఉన్న జబ్బులకూ వర్తించింది. లోపాలు లేవని కాదు, బిల్లుల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్లున్నారు. కానీ ఓపీకి కూడా బీమా ఇవ్వొచ్చని ఈ ఊళ్లోనే ఒకసారి రుజువైంది. తర్వాత వచ్చిన పెద్ద పథకాల్లో ఆ చిన్న అంకె కలిసి మాయమైంది. ఈఎస్‌ఐలో ఇప్పటికీ ఓపీ, పరీక్షలు ఉన్నాయి. పెనుకొండ కార్ల పరిశ్రమ చుట్టూ, హిందూపురం గార్మెంట్ కంపెనీల్లో నెలకు 21,000 లోపు జీతానికి పనిచేసే మన పిల్లలకు ఈఎస్‌ఐ కార్డు ఉంటుంది. వాళ్ల మీద ఆధారపడిన తల్లిదండ్రులకు, ఆదాయ పరిమితికి లోబడి, అదే కార్డు మీద వైద్యం అందుతుంది. చాలామంది కార్డులో అమ్మానాన్నల పేర్లు రాయించడం లేదు. ఈ సంచిక చదివిన వాళ్లు ఆదివారం పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ముందు ఆ పని చేయించండి.

బిల్లు సంగతికి వద్దాం. సగం తిరస్కరణలు జబ్బును బట్టి కాదు, కాగితాన్ని బట్టి వస్తున్నాయని మా దగ్గరికి వచ్చిన కేసులను చూస్తే అనిపిస్తోంది. డాక్టరు చీటీ మీద ఊరికే "డెక్సా" అని ఉంటే చాలదు. ఎందుకు రాశారో ఉండాలి. చిన్న పాటుకే మణికట్టు విరిగింది, ఏడాదిగా స్టెరాయిడ్ వాడకం, నలభైకి ముందే గర్భసంచి, అండాశయాలు తీశారు, ఇలా. ఆ మాట రాయమని డాక్టరును అడగడం తప్పు కాదు. చీటీ తేదీ స్కాను తేదీకి ముందే ఉండాలి. "బోన్ ప్యాకేజీ" అని గంపగుత్తగా బిల్లు ఇస్తే ఒప్పుకోకండి, ఏ పరీక్షకు ఎంతో విడివిడిగా రాయించండి. పేరు ఆధార్‌లో లక్ష్మమ్మ, బిల్లులో లక్ష్మీదేవి అయితే అక్కడే ఆగిపోతుంది. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చి, దానికి ముందు 30 రోజుల్లో అదే జబ్బు కోసం తీసిన స్కాను ఉంటే ఆ బిల్లు కూడా పెట్టొచ్చు. ఆరోగ్య సంజీవనిలో చేరిక ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చు కలుస్తుంది. ఇంటికి వచ్చిన 30 రోజుల్లోగా కాగితాలు ఇవ్వాలి. ఇది తెలియక మొదటి బిల్లులు పారేసుకున్నవాళ్లు ఎందరో.

"ఒక రాత్రి చేర్చుకుంటాం, బీమాలో స్కాను డబ్బు వచ్చేస్తుంది" అని చెప్పే ఏజెంట్లు కూడా తయారయ్యారు. ఆ మాట వినకండి. పట్టుబడితే ఆ బిల్లే కాదు, పాలసీ మొత్తం రద్దవుతుంది. రేపు నిజంగా ఎముక విరిగిన రోజు చేతిలో ఏమీ ఉండదు.

కాదన్నారంటే ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఏడాదిలోపు రాయాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నియంత్రణ సంస్థ ఫోన్ నంబరు 155255.

ఎంత కడతారన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో ముసలివాళ్లకు ప్రభుత్వమే నడిపే మెడికేర్ బీమా 1998 నుంచి అర్హులకు రెండేళ్లకోసారి ఈ స్కానుకు డబ్బు కడుతోంది. 2007 నుంచి క్లినిక్కులకు ఇచ్చే రేటును బాగా కోసేశారు. గిట్టుబాటు కాక చాలామంది డాక్టర్లు యంత్రాలు తీసేశారు, పరీక్షలు తగ్గాయి. అంతకు ముందు ఏటేటా తగ్గుతూ వచ్చిన తుంటి విరుపులు 2012 తర్వాత తగ్గడం ఆగిపోయాయని అక్కడి పరిశోధకులు గమనించారు. రెండింటికీ సంబంధం ఉందని వాళ్ల అనుమానం. గిట్టని ధరకు ఎవరూ పండించరని మనకు ఇంకొకరు చెప్పాలా? మన రాష్ట్రంలోనూ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024 మేలో, మళ్లీ 2025 అక్టోబరులో సేవలు ఆపాయి. జాబితాలో పేరు ఎక్కించి డబ్బు కట్టకపోతే ఆ జాబితా గోడకు అంటించుకోవడానికే.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. కుటుంబానికి రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ ద్వారా, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ద్వారా అన్నది దాని స్వరూపం. అంటే ఎముకల కేసుల్లో ఎక్కువ భాగం బీమా కంపెనీ బల్ల మీదికే పోతాయి. ఓపీ పరీక్షలు ఉండాలో వద్దో ప్రభుత్వం ఆ కంపెనీలతో చేసుకునే ఒప్పందంలోనే తేలాలి. తర్వాత అడిగితే "పాలసీలో లేదు" అంటారు.

అందుకే మేం అడుగుతున్నది ఇది. చిన్న పాటుకే ఎముక విరిగినవాళ్లకు, చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు తీయించుకున్నవాళ్లకు, స్టెరాయిడ్ చాలాకాలం వాడినవాళ్లకు డెక్సాను ఓపీ పరీక్షగా పథకంలో చేర్చాలి. మొదటి జల్లెడకు యంత్రం కూడా అక్కర్లేదు. వయసు, బరువు, పాత విరుపులు, వాడిన మందులు అడిగి ముప్పును లెక్కగట్టే ఫ్రాక్స్ అనే ప్రశ్నల పట్టిక ఇండియా లెక్కలతో సహా ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లో ఆశా కార్యకర్త చేయగలిగిన పని. ఫ్లోరైడ్ ఊళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఎక్స్‌రే, మూత్ర పరీక్ష ఉండాలి. హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రిలో డెక్సా యంత్రం, దాన్ని నడిపే మనిషి, రెండూ కావాలి. ఒకటి ఉండి ఒకటి లేని గదులు మనం చూసినవే. పెనుకొండ వైద్య కళాశాలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య జాబితాలో పెట్టారు. ఎవరు నడిపినా ఓపీ పరీక్షల ధరల బోర్డు గేటు దగ్గర తెలుగులో కనపడాలి. బీమా కంపెనీ కాదన్న ప్రతి ఉత్తరమూ తెలుగులోనే రావాలి.

వచ్చే నెల నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కమిటీలు తిరస్కరించిన స్కాను, ఎక్స్‌రే బిల్లులను సేకరిస్తాయి. డాక్టరు చీటీ, బిల్లు, రిపోర్టు, కంపెనీ పంపిన మెయిలు ఉంటే అది, లేదంటే ఫోన్లోని మెసేజ్ అయినా సరే తీసుకురండి. వాటిని కట్టగట్టి కలెక్టరుకు, ఆరోగ్య శాఖకు ఇస్తాం. కమిటీకి నకళ్లే ఇవ్వండి. అసలు కాగితాలు మీ ఇంట్లోనే, పాస్ పుస్తకం పెట్టే చోట పెట్టుకోండి.